మా ఇంటి థైరాయిడ్

మా తిరువూరులో మెంటల్ అనే మాటకు కరువు లేదు. సైడివ్వని ఆటోవాడు మెంటల్. మిట్టమధ్యాహ్నం ఎండలో క్రికెట్ ఆడే పిల్లలు మెంటల్. మామిడికాయకు పొద్దున ఒక రేటు, మధ్యాహ్నం ఇంకో రేటు చెప్పే వ్యాపారి మెంటల్. మా స్కూలు స్టాఫ్‌రూములో రోజుకు ఒకరికైనా ఆ బిరుదు దక్కుతుంది, ఎక్కువసార్లు హెడ్మాస్టరు గారికే, అదీ ఆయన గదిలో లేనప్పుడు. ఇంత ధారాళంగా పంచిపెట్టే మాట, నిజంగా మనసు బాగోలేని మనిషి ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం ఎవరి నోటా రాదు. అప్పుడు దాని పేరు గ్యాస్. కొందరికి నరాల బలహీనత. ఇంకొందరికి పంటినొప్పి, ఎందుకంటే విజయవాడలో మేమంతా గుట్టుగా వెళ్ళే మనసు డాక్టరు గారి మెట్ల కిందే పళ్ళ డాక్టరు గారి బోర్డు ఉంది. మా ఇంట్లో దాని పేరు థైరాయిడ్.

ఆ పేరు పెట్టింది మా అమ్మ. నాన్న పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఏటా పిల్లల చేత అవటు గ్రంథి బొమ్మ వేయిస్తాను. థైరాయిడ్ అంటే అదే. గొంతు ముందు రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటుంది. అది చేసే పనులన్నీ నాకు కంఠతా వచ్చు. మా అమ్మ దాని నెత్తిన పెట్టిన పని మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

నాకొచ్చింది డిప్రెషన్. ఒక ఏడాది వేసవి సెలవుల తర్వాత మొదలైంది. బ్రష్షు మీద పేస్టు వేసుకుని, దాన్ని నోటిదాకా తీసుకెళ్ళే ఓపిక లేక బాత్‌రూము గట్టు మీద కూర్చుండిపోయేదాన్ని. క్లాసులో సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగితే ఏం రాయాలో తెలిసేది, చెయ్యి లేచేది కాదు. వెనక పిల్లలు గుసగుసలాడుకోవడం వినపడేది. చచ్చిపోవాలని అనిపించేది కాదు గానీ, ఉండాలని కూడా అనిపించేది కాదు. నాకు ఇష్టమైన మామిడిపండు రసం చేతి మీద కారుతుంటే, ఇది కడుక్కోవాలి కదా అని ఏడ్చాను. చాలా భయం వేసింది.

మా ఊరివాళ్ళు మంచివాళ్ళు. సలహా ఇవ్వకుండా ఎవర్నీ వదలరు. "ఎక్కువ ఆలోచించకండి మేడమ్," అన్నారు హెడ్మాస్టరు గారు, ఆ కిటుకు నాకు తట్టలేదన్నట్టు. "ధైర్యంగా ఉండాలి," అన్నాడు లెక్కల మాస్టారు; ఆయన బల్లిని చూస్తే స్టాఫ్‌రూములోకి రాడు. "పెళ్ళి చేసుకునుంటే ఇయ్యన్నీ ఉండేయి కాదు," అంది నా పక్క కుర్చీ టీచరు. ఆవిడకు పెళ్ళయిన దగ్గర్నుంచీ తలనొప్పి మాత్రలు హ్యాండ్‌బ్యాగులో లేకపోతే గడప దాటడం కుదరదు. సెల్‌ఫోను మానేయమన్నవాళ్ళున్నారు, పెరుగు మానేయమన్నవాళ్ళున్నారు. బాగా చదువుకోవడం వల్ల వచ్చిందన్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు మాత్రం తమ పిల్లల్ని నా దగ్గరికి ట్యూషన్‌కు పంపుతారు.

చివరికి నేనే బస్సెక్కి విజయవాడ వెళ్ళి చూపించుకున్నాను. డాక్టరు గారు మాత్రలు రాశారు, రాత్రి అన్నం తిన్నాక వేసుకోమన్నారు. కొన్ని వారాలకు నా చెయ్యి బోర్డు మీదికి లేచింది. పక్కింటివాళ్ళ ఇగురు వాసన వస్తే ఆకలేసింది. ఆ ఆకలికి ఎంత సంతోషించానో చెప్పలేను. అప్పుడు అమ్మ, "తగ్గింది కదే, ఇంక అవి ఆపెయ్," అంది. ఆపాను. నెల తిరక్కుండానే మళ్ళీ బాత్‌రూము గట్టు మీద ఉన్నాను. ఈసారి డాక్టరు గారు అమ్మను కూడా పిలిపించి, తాను చెప్పేదాకా ఒక్క పూట కూడా ఆపొద్దని ఇద్దరికీ కలిపి చెప్పారు. అమ్మ బుద్ధిగా తలూపింది. బయటికొచ్చి మెట్లు దిగుతూ, "ఎవరన్నా అడిగితే థైరాయిడ్ అని చెప్పు," అంది.

మా అమ్మ ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. థైరాయిడ్ మాత్రలు సీసాలో వస్తాయి, నావి అట్టలో వస్తాయి. తెలిసినవాళ్ళ ఇంటి నుంచి ఖాళీ థైరాయిడ్ సీసా ఒకటి సంపాదించింది. నా అట్టలు తెచ్చిన రోజే ఒక్కో మాత్రా నొక్కి తీసి ఆ సీసాలో పోసేది. అవీ ఇవీ చిన్నవే, తెల్లనివే. ఇంకో చిక్కుంది. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకుంటారు, నాది రాత్రి. అందుకని ఇంట్లో చుట్టాలున్న రోజుల్లో నేను పొద్దున లేచి అందరి ముందూ సీసా తీసి, చేతిలో ఏమీ లేకుండానే నోట్లో వేసుకున్నట్టు చేసి, గ్లాసుడు నీళ్ళు తాగేదాన్ని. అసలు మాత్ర రాత్రి వంటింటి తలుపు దగ్గరేసుకుని మింగేదాన్ని. ముప్ఫై తొమ్మిదేళ్ళ టీచర్ని, ఇంట్లో ఉత్త నీళ్ళతో నాటకం ఆడాను.

థైరాయిడ్‌కు మా ఊళ్ళో ఉన్న మర్యాద చూశాక అమ్మ తెలివి మెచ్చుకోవాల్సి వచ్చింది. అది ఉందనగానే ఆడవాళ్ళ ముఖాలు విచ్చుకునేవి. "మీకెంతండీ?" అని అడిగేవాళ్ళు. పవరు సంగతి. అమ్మ నాకు యాభై ఖాయం చేసింది. "యాభైయేనా, నాకు డెబ్బై అయిదు," అని ఒకావిడ, "నాకు వంద," అని ఇంకొకావిడ, పదో తరగతి మార్కులు చెప్పుకున్నట్టు చెప్పుకునేవాళ్ళు. మనసు బాగోలేదని చెప్పి ఉంటే ఒక్కరూ పక్కన కూర్చునేవాళ్ళు కాదు. లేని జబ్బుకు నాకు ఇంతమంది స్నేహితులు దొరికారు.

మాది చర్చి సంఘానికి వెళ్ళే కుటుంబం. స్త్రీల కూడికలో నా థైరాయిడ్ కోసం మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన జరిగింది. నాకు ప్రార్థన మీద కోపం లేదు. ఏమీ తోచని రోజుల్లో ఎవరో నా తల మీద చెయ్యిపెట్టి కన్నీళ్ళతో ప్రార్థిస్తుంటే, ఆ చేతి బరువు నాకు ఓదార్పుగానే ఉండేది. కాకపోతే పాపం వాళ్ళు నా గొంతు మీద నూనె రాసేవాళ్ళు. జబ్బు అక్కడ లేదు.

నేను కోలుకోవడం అందరికీ కనపడింది. అమ్మ సంతోషం పట్టలేక పాస్టరు గారితో మాట్లాడి మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించింది. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటి ముందు షామియానా, ప్రార్థన, నా సాక్ష్యం, తర్వాత చికెన్ పలావు. సాక్ష్యమంటే నేను అందరి ముందు లేచి నిలబడి, దేవుడు నన్ను స్వస్థపరిచాడని చెప్పాలి. అక్కడిదాకా నాకు అభ్యంతరం లేదు, నిజంగానే బతికి బయటపడ్డాను. అసలు విషయం అమ్మ శుక్రవారం చెప్పింది.

"సాక్ష్యం చెప్పాక ఇంక మాత్ర ముట్టకూడదు. స్వస్థత అని చెప్పి మళ్ళీ మింగితే దేవుడి ముందు అబద్ధం ఆడినట్టే."

"మరి థైరాయిడ్ అని చెప్పడం అబద్ధం కాదా అమ్మా?"

"అది మనుషుల ముందు," అంది.

పాస్టరు గారు రోజూ బీపీ మాత్ర వేసుకునే ప్రసంగిస్తారు కదా అన్నాను. బీపీ ఒంటికి సంబంధించింది అంది. మాత్రలాపితే మొన్న ఏమైందో చూశావు కదా అన్నాను. అప్పుడింకా ప్రార్థన చేయించలేదు అంది. ఆమెకు ఎదురు చెప్పి గెలవడం నా వల్ల కాదు. ఆ సీసాను ఆదివారం భోజనాలయ్యాక ఆమే మురిక్కాలవలో పారబోస్తుందని నాకు తెలుసు. నేను మళ్ళీ కొనుక్కోగలను, నిజమే. కానీ అంతమంది ముందు సాక్ష్యం చెప్పి, ఇంట్లో కన్నతల్లికి కూడా తెలియకుండా మాత్ర మింగే బతుకు తలుచుకుంటే, జబ్బు తిరిగొచ్చినంత నీరసం వచ్చింది.

శనివారం విస్సన్నపేట నుంచి మా పిన్ని దిగింది. అమ్మకు స్వయానా చెల్లెలు. ఏ ఇంట్లో కార్యమైనా ముందు ఆమెకు కబురు వెళ్తుంది, ఎందుకంటే పిన్ని పని రాక్షసి. బాబాయి పోయిన దగ్గర్నుంచీ మరీను. తెల్లవారుజామున మూడింటికే వాకిలి ఊడ్చి, గిన్నెలు తోమి, పప్పు నానబోసి కూర్చునేదట. "ఆవిడ్ని చూసి నేర్చుకోండి," అని విస్సన్నపేట అత్తలందరూ కోడళ్ళకు చెప్పుకునేవాళ్ళు. మా అమ్మ నాకూ చెప్పేది, నేను మంచం దిగలేని రోజుల్లో కూడా.

పిన్నికి నిజం థైరాయిడ్ ఉంది. వంద.

ఆదివారం పొద్దున నేను వాకిట్లో కుర్చీలు వేయిస్తుంటే పిన్ని గట్టు మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. కాసేపటికి చూస్తే తల పక్కకు వాలింది, వేళ్ళ మధ్య వెల్లుల్లి రెబ్బ అలాగే ఉంది. దగ్గరికెళ్ళి కదిపాను. కళ్ళు సగం తెరిచి, నాలుక మడతపడుతుండగా అంది, "అమ్మాయ్, నీ మాత్రలు కంపెనీ మారినయ్యేంటే, కాస్త చేదుగా ఉన్నయ్యి. నాయి తెచ్చుకోవడం మర్చిపోయి, పొద్దున నీ సీసాలోయి రెండేసుకున్నా."

"రెండా?"

"నీయి యాభైయి కదే. నాది వంద."

అని, మళ్ళీ వాలిపోయింది. అమ్మ వేసిన అబద్ధపు లెక్కకు పిన్ని సరిగ్గా కూడిక చేసింది. అమ్మ నా వెనకే ఉంది, అంతా విన్నది. ఆమె ముఖం తెల్లబడింది. అయినా గొంతు తగ్గించి, "పడుకుని లేస్తుందిలే. జనం వచ్చే టైమయింది," అంది.

జనం రానే వచ్చారు. పిన్నిని చూసి ఒకావిడ ప్రభువు ముట్టాడంది. ఒకావిడ షుగర్ పడిపోయిందని చారెడు పంచదార తెచ్చింది. ఇంకొకావిడ, ఇది థైరాయిడ్ ఎక్కువైతే వచ్చే నిద్రేనని, తన ఆడపడుచుకు అచ్చం ఇలాగే వచ్చిందని చెప్పింది. నలుగురు చేరి నా కోసం తెచ్చిన నూనె పిన్ని గొంతుకు రాశారు. నేను పిన్నిని గట్టిగా కుదిపి పిలిచాను, పలకలేదు. ఇంక ఆగలేదు, ఆటో పిలిచాను. సంఘంలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఒంటరిగా పంపకూడదన్నది మావాళ్ళకున్న మంచి అలవాటు. దాని పుణ్యాన మా ముగ్గురితో పాటు మరో ఇద్దరు ఆడవాళ్ళు ఆటో ఎక్కారు.

బస్టాండు దగ్గర చిన్న ఆసుపత్రి. డ్యూటీలో ఉన్న డాక్టరు కుర్రవాడు. పిన్ని నాడి చూస్తూ, "ఏం వేసుకున్నారండి?" అని అడిగాడు.

"థైరాయిడ్ మాత్రండి," అంది అమ్మ.

"ఎన్ని?"

"యాభై పవరువి రెండండి."

"దానికి ఇంత మత్తు రాదమ్మా. ఎక్కువైతే గుండె దడ రావాలి. ఇంకేం వేసుకున్నారు?"

"ఇంకేం లేదండి. థైరాయిడేనండి."

బీపీ చూశాడు, బాగా తగ్గిందన్నాడు. నర్సు సెలైన్ తెచ్చింది. "ఏం మాత్రో తెలిస్తే గానీ నేను ముందుకెళ్ళలేనండి," అన్నాడు మళ్ళీ. అమ్మ చీర కొంగు వేలికి చుడుతూ విప్పుతూ నా వైపు చూసింది. తల్లి లేని చెల్లెల్ని, తనకు తొమ్మిదేళ్ళ వయసున్నప్పటి నుంచి, చంకనేసుకుని పెంచింది ఆమె. ఆ చెల్లెలు అక్కడ కదలకుండా పడి ఉంటే, నోరు విప్పొద్దని నన్ను బతిమాలుతోంది. నాకు ఒళ్ళు మండింది. అంతలోనే జాలీ వేసింది, ఎందుకంటే ఆ భయం ఆమె సొంతది కాదు, ఊరంతా కలిసి ఆమెకు ఎక్కించింది.

"అవి నా మాత్రలండి," అన్నాను. "డిప్రెషన్‌కి వాడుతున్నాను." మాత్ర పేరు, పవరు చెప్పాను.

డాక్టరు కుర్రవాడు నేనేదో జ్వరమని చెప్పినట్టు తలూపి, "ఈ ముక్క ముందే చెప్పాల్సింది. ప్రాణభయం లేదు. నిద్రపోయి లేస్తారు, అందాకా చూస్తూ ఉంటాం," అని నర్సుకు ఏదో చెప్పాడు. నా జీవితంలో ఆ మాటను అంత మామూలుగా విన్న మొదటి తిరువూరు మనిషి అతను. తోడు వచ్చిన ఇద్దరిలో ఒకావిడ చేత్తో నోరు మూసుకుంది. రెండో ఆవిడ ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళింది.

అమ్మను అక్కడ ఉంచి నేను ఇంటికి వచ్చేసరికి వార్త నాకంటే ముందే షామియానా కిందికి చేరింది. నన్ను చూసి అందరూ ఒక్కసారి మాట్లాడడం మానేసి, మళ్ళీ ఒక్కసారి మొదలుపెట్టారు. "తిన్నావా... అమ్మా... తిన్నావా..." అని ఒకావిడ నాకు చెవుడొచ్చినట్టు గట్టిగా, నిదానంగా అడిగింది. వడ్డిద్దామని గరిటె తీసుకుంటే ఇంకొకావిడ నవ్వుతూ నా చేతిలోంచి మెల్లిగా తీసేసుకుంది. వంటింట్లోకి వెళ్తే కత్తిపీట కనపడలేదు, ఎవరో అటక మీద పెట్టేశారు. ముందురోజు అరబస్తా ఉల్లిపాయలు దాని మీద తరిగింది నేనే.

పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు, ఇబ్బంది పడుతున్న మనిషి.

"అమ్మా, సాక్ష్యం సంగతి..."

"చెబుతానండి. దేవుడు నన్ను బతికించాడని చెబుతాను. ఆ డాక్టరు గారి చేతా ఆ మాత్రల చేతా బతికించాడని, ఇంకా వేసుకుంటూనే ఉన్నానని కూడా చెప్పాలి."

ఆయన షామియానా వైపు చూశారు, పలావు గుండిగ వైపు చూశారు. "ముందు భోజనాలు కానిద్దామమ్మా," అన్నారు. భోజనాలు అయ్యాయి. ఒక్కరూ తినకుండా వెళ్ళలేదు, రెండోసారి వడ్డించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నా సాక్ష్యం ఆ రోజు జరగలేదు, ఆ తర్వాత ఎవరూ అడగనూ లేదు.

సాయంత్రం క్యారేజీ తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. సంఘం ఆడవాళ్ళు ముగ్గురు పలకరించడానికి వచ్చి మంచం చుట్టూ కూర్చున్నారు. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. పిన్ని అప్పుడే కళ్ళు తెరిచింది. కాసేపు పైన తిరుగుతున్న ఫ్యాను చూసి, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుంది. నొప్పేమోనని నేను దగ్గరికి వంగాను.

"ఎన్నాళ్ళయిందే అమ్మాయ్, ఇట్టా నిద్రపోయి," అంది. "మీ బాబాయి పోయిన కాడ్నించీ ఒక్కనాడు కంటి మీద కునుకు లేదు. పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటది. అందుకే లేచి వాకిలూడుస్తా. తోమినయ్యే మళ్ళీ తోముతా."

ఆ మెలకువనే కదా మేమంతా పనితనమని మెచ్చుకున్నది. ఆమె ఒక్కతే చీకట్లో చీపురు పట్టుకుని ఏడుస్తుంటే, ఆమెను చూసి నేర్చుకోమని కోడళ్ళకు చెప్పాం. నాకు గొంతు పూడుకుపోయింది. ఆ గ్రంథికి నిజంగా జబ్బు చేసిందేమో అనిపించింది.

"అక్కా, ఆ మాత్రలిచ్చే డాక్టరు ఎక్కడే? నన్ను తీసుకెళ్తావా?" అని అడిగింది పిన్ని, అందరూ వింటుండగానే.

అమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. చెల్లెలి నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. తర్వాత నేను తెచ్చిన క్యారేజీ విప్పి, అన్నం కలిపి నాకు గిన్నెలో పెట్టింది. నేను తినేదాకా చూసి, కొంగు ముడి విప్పి అందులోంచి మాత్ర తీసింది. పొద్దున ఆటో ఎక్కేటప్పుడే సీసాలోంచి తీసి ముడేసుకుందట. ఆ ముగ్గురి ముందే నా అరచేతిలో పెట్టి, "వేసుకో. మళ్ళీ ఆలస్యమైద్ది," అంది.

ఆ వారంలోనే ముగ్గురం విజయవాడ బస్సెక్కాం. ముగ్గురు కూర్చునే సీట్లో అమ్మ, పిన్ని, కిటికీ పక్కన ఇరుక్కుని కూర్చున్న ఒక తెలిసినావిడ; వెనక సీట్లో నేను. బస్సు ఊరు దాటగానే ఆవిడ అడిగింది, "ఎక్కడికండీ అందరూ కలిసి బయల్దేరారు?"

నేను వెనక నుంచి థైరాయిడ్ కోసం ఎదురుచూశాను.

"మా చెల్లికి నిద్ర పట్టదండి, మనసు బాగోదు. అమ్మాయికీ అంతే, మందులు వాడుతున్నాం, ఇప్పుడు నయం," అంది అమ్మ, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా. కొంగు మాత్రం వేలికి చుడుతూ విప్పుతూ ఉంది, సీట్ల సందులోంచి నాకు కనపడింది.

"అయ్యో," అంది ఆవిడ. కాసేపు కిటికీలోంచి చూసింది. మైలవరంలో ముందు సీటు ఖాళీ అవగానే సంచీ తీసుకుని అక్కడికి మారిపోయింది.

"పోన్లే," అంది అమ్మ, కిటికీ వైపు జరుగుతూ. "కాళ్ళు చాపుకోవే, ఇంకా చాలా దూరం ఉంది." పిన్ని కాళ్ళు చాపుకుని అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది.